కారవాన్‌లో మూడు రాత్రులు: లాంగ్ వీకెండ్‌కి మా ప్లాన్ సరిగ్గానే ఉందా?

నీలిగొడుగు · సోమవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో వరసగా నాలుగు రోజులు సెలవు కలిసొచ్చింది. మా బాబాయి తన కారవాన్ తీసుకెళ్లమన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే రకం. ఐదుగురు పడుకోవచ్చు, చిన్న వంటగట్టు ఉంది, టాయిలెట్ లోపలే. సామాన్లతో కలిపి 1,200 కిలోల దాకా వస్తుందట. రెండేళ్లుగా షెడ్డులోంచి కదల్లేదు.

వెళ్లేది నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు (అమ్మాయికి 11, అబ్బాయికి 6), మా అమ్మ. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి ఏడు నెలలైంది.

నేను అనుకున్నది ఇది. మొదటి రోజు 180 కిలోమీటర్లు వెళ్లి ఒక చెరువు దగ్గర ఆగుతాం. రెండో రోజు ఇంకో 140, కొండ కింద ఒక పల్లె. మూడో రోజు అడవి అంచున. నాలుగో రోజు 220 కిలోమీటర్లు వెనక్కి. పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నాను కానీ వెనక ఏదీ తగిలించి లాగలేదు. లైసెన్సు, ఇన్సూరెన్సు సంగతి కనుక్కున్నాను, ఇబ్బంది లేదు.

ఈ ఏడాది ఇంట్లో అందరం బాగా అలిసిపోయాం. ఈ నాలుగు రోజులైనా స్థిమితంగా గడవాలని ఉంది. ఏమేం చూసుకోవాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నిదానం · సోమవారం, రాత్రి 9.48

ముందు ఆ ప్లాన్‌లోంచి రెండు మజిలీలు తీసేయండి.

కారవాన్‌ని ఒకచోట నిలబెట్టి, మట్టం చూసి, నీళ్లు, కరెంటు కలిపి, ఆనింగ్ (పక్కన వేసే గుడ్డ పందిరి) విప్పేసరికి కొత్తవాళ్లకి గంటన్నర పడుతుంది. మళ్లీ అంతా సర్ది కారుకి తగిలించడానికి ఇంకో గంట. రోజుకో చోటు మారితే ఈ పని మూడుసార్లు చేయాలి. పైగా వెనక బరువుంటే మామూలుగా 2 గంటల్లో వెళ్లే దూరానికి 3 గంటలు వేసుకోవాలి. ఇక మీరు స్థిమితంగా కూర్చునేది ఎప్పుడు?

మేం పన్నెండేళ్లుగా వెళ్తున్నాం. మొదటి నాలుగుసార్లు మీలాగే తిరిగాం. బోలెడు ఫోటోలు ఉన్నాయి, ఏది ఎక్కడ తీశామో ఇప్పుడు మాకే గుర్తు లేదు. ఐదోసారి మా అబ్బాయికి జ్వరం వచ్చి ఒకే చోట మూడు రాత్రులు ఉండిపోవాల్సి వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నానికి వాడికి తగ్గింది. ఎక్కడికీ వెళ్లే పని లేదు. ఆ సాయంత్రం నేను, మా ఆవిడ బయట కుర్చీలేసుకుని, ఇంట్లో ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వచ్చిన మాటలన్నీ మాట్లాడుకున్నాం. ఆ చెట్టు, ఆ గట్టు, దాని మీద నడిచొచ్చిన కుక్క నాకు ఇప్పటికీ కళ్లకు కడతాయి. అప్పట్నుంచి మాకు ఒకటే చోటు, అదీ 100 కిలోమీటర్లలోపు.

దూరపుకొండ · సోమవారం, రాత్రి 10.20

నిదానం గారి మాట మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోను. కారవాన్ ఉన్నదే కదలడానికి. ఒకచోటే ఉండాలంటే గది తీసుకోవచ్చు కదా. నేను, మా తమ్ముడు ఏటా ఆరు రోజుల్లో ఐదు చోట్లు తిరుగుతాం. పొద్దున్నే లేచి కొత్త దారి పట్టడంలో ఉన్న ఆనందం మాకు ఇంకెందులోనూ దొరకదు. అలసట అనిపించదు.

నీలిగొడుగు గారూ, చెరువు, కొండ, అడవి మూడూ చూపిస్తే పిల్లలకి గుర్తుండిపోతుంది. రెండు మజిలీలైనా ఉంచుకోండి.

నిదానం · సోమవారం, రాత్రి 10.41

మీరు ఇద్దరు మగవాళ్లు, ఇద్దరికీ లాగడం వచ్చు, ఆరు రోజులు. వాళ్లు ఐదుగురు, అందులో ఆరేళ్ల బాబు, మోకాలు ఇంకా కుదుటపడుతున్న పెద్దావిడ, మొదటిసారి లాగుతున్న డ్రైవరు, నాలుగు రోజులు. మీకు సరిపడింది వాళ్లకి సరిపడదు, అంతే నేను చెప్పేది.

బండిచక్రం · మంగళవారం, ఉదయం 6.30

తమ్ముడూ, ఎన్ని చోట్లన్నది తర్వాత తేల్చుకోండి. రెండేళ్లు కదలని బండి అన్నావు, నాకు ముందు అక్కడే ఆగిపోయింది. నేను ట్రైలర్ల పని చేసేవాణ్ణి, కాస్త వివరంగా రాస్తాను.

టైర్ల అరుగుదల చూసి మోసపోవద్దు. నిలబడిన బండికి టైరు అరగదు, లోపల రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. టైరు పక్క గోడ మీద DOT (డాట్) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేడేళ్లు దాటితే బొడిపెలు కొత్తగా కనిపించినా మార్చెయ్. చక్రం విప్పి బిగించాక సుమారు 50 కిలోమీటర్లు వెళ్లి ఆగి, నట్లు మళ్లీ ఒకసారి చూడు. బేరింగుల్లో గ్రీజు, బ్రేకులు, వెనక లైట్లు తెలిసినవాడి చేత చూపించు. బ్రేక్‌అవే కేబుల్ తుప్పు పట్టలేదు కదా చూసుకో. ఏ కారణం చేతనైనా కారవాన్ కారు నుంచి ఊడిపోతే దాని బ్రేకు లాగేది ఆ తీగే.

ఇక అన్నిటికన్నా ముఖ్యం బరువు. ఎంత బరువన్నది ఒక ఎత్తు, ఎక్కడ పెట్టావన్నది ఇంకో ఎత్తు. బరువైనవన్నీ కింద, ఇరుసు పైన లేదా దానికి కాస్త ముందు ఉండాలి. పై అరల్లో బట్టలు, దుప్పట్లు మాత్రమే. కారవాన్ ముక్కు కారు హుక్కు మీది గుండు (టో బాల్) మీద మోపే బరువుని నోస్ వెయిట్ అంటారు. యూరప్ పద్ధతిలో అది నిండు బరువులో 5 నుంచి 7 శాతం. నీ 1,200 కిలోలకి 60 నుంచి 84 కిలోలన్నమాట. అమెరికా ట్రైలర్లకి 10 నుంచి 15 శాతం చెబుతారు. నీ కారు హుక్కుకి ఎంత పరిమితి రాసి ఉందో చూడు, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడదు. కొలవడం తేలికే. ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ మీద హుక్కు ఎత్తుకి సరిపడే చెక్క దిమ్మ నిలబెట్టి, కారవాన్ ముక్కున హుక్కుకి తగిలే కప్లింగ్‌ని దాని మీద దించితే చాలు.

నోస్ వెయిట్ తక్కువై వెనక బరువెక్కితే కారవాన్ పాములా ఊగుతుంది. ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకు, స్పీడు పెంచి లాగేద్దామనీ చూడకు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తియ్. అదే సర్దుకుంటుంది. సర్దుకున్నాక పక్కకి ఆపి సామాను మార్చుకో. మార్చకుండా ముందుకెళ్తే మళ్లీ ఊగుతుంది.

నీలిగొడుగు · మంగళవారం, ఉదయం 8.05

అన్నా, చాలా థాంక్స్. ఇవాళే వెళ్లి టైర్ల అంకెలు చూస్తాను. రివర్స్ తీయాలంటేనే నాకు టెన్షన్‌గా ఉంది. దానికేమైనా కిటుకు ఉందా?

బండిచక్రం · మంగళవారం, ఉదయం 8.22

ఉంది. స్టీరింగ్‌ని పైన కాకుండా అడుగు భాగంలో ఒక చేత్తో పట్టుకో. కారవాన్ వెనక భాగం ఎటు వెళ్లాలో ఆ చెయ్యి అటు జరుపు. ఎడమకి వెళ్లాలంటే చెయ్యి ఎడమకి. కొంచెం కొంచెంగా, నడక కన్నా నెమ్మదిగా. వంకర ఎక్కువైతే సరిచేద్దామని తంటాలు పడకుండా ముందుకి లాగి మళ్లీ మొదలుపెట్టు. ఒక ఆదివారం ఖాళీ మైదానంలో గంట సేపు సాధన చెయ్. వెనక ఒకరు నిలబడి సైగలు చేయాలి, వాళ్లు నీ అద్దంలో కనిపించే చోటే నిలబడాలి. వాళ్లు కనబడకపోతే బండి ఆపెయ్.

పన్నెండువోల్టులు · మంగళవారం, మధ్యాహ్నం 1.15

వెళ్లే చోట కరెంటు పాయింట్ ఉందా? లేకపోతే ఈ లెక్క దగ్గర పెట్టుకోండి.

కారవాన్‌లలో ఎక్కువగా 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. అది పాడవకుండా ఉండాలంటే సగమే వాడాలి. 50 ఆంపియర్-అవర్లను 12 వోల్టులతో గుణిస్తే 600 వాట్-అవర్లు. 3 వాట్ల ఎల్ఈడీ లైట్లు నాలుగు ఐదు గంటలు వెలిగితే 60. 24 వాట్ల ఫ్యాను రాత్రి 8 గంటలు తిరిగితే 192. ఫోన్లు మూడు ఛార్జ్ చేస్తే 45 దాకా. నీళ్ల పంపు కొద్దికొద్దిసేపే తిరుగుతుంది, 20 వేసుకోండి. మొత్తం 320 దగ్గర. అంటే నింపకుండా రెండు రాత్రులు కూడా పూర్తిగా రావు. పగలు 100 వాట్ల సోలార్ ప్యానెల్ బాగా ఎండలో ఉంటే 300 నుంచి 400 వాట్-అవర్లు వస్తాయి, అప్పుడు గడిచిపోతుంది. మబ్బు పడితే ఫ్యాను ఒక్కటి తగ్గించండి. లిథియం బ్యాటరీ అయితే 80 శాతం వరకూ వాడుకోవచ్చు. రెండేళ్లు వాడలేదన్నారు కదా, లెడ్ యాసిడ్ అయితే సామర్థ్యం పడిపోయి ఉండొచ్చు, ఇంటి దగ్గరే ఒక రాత్రి నడిపి చూడండి.

ఫ్రిజ్ విషయం వేరు. చాలా కారవాన్‌లలో గ్యాస్ మీద కూడా నడిచే అబ్‌సార్ప్షన్ ఫ్రిజ్ ఉంటుంది. అందులో కంప్రెసర్ ఉండదు, లోపలి ద్రవం గొట్టాల్లోంచి దానంతట అదే కిందికి జారాలి. అందుకే బండి ఒరిగి ఉంటే చల్లబడదు. పైగా చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది కాబట్టి బయల్దేరే ముందు రోజు రాత్రే ఆన్ చేయండి.

పొయ్యిగట్టు · మంగళవారం, సాయంత్రం 5.50

గ్యాస్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. దయచేసి పూర్తిగా చదవండి.

ప్రయాణంలో సిలిండర్ వాల్వు మూసి, సిలిండర్‌ని కదలకుండా కట్టేయాలి. వంట గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందుకే కారవాన్ నేలలో చిన్న కన్నాలు వదులుతారు. చలి వస్తోందనో పురుగులొస్తున్నాయనో వాటిని గుడ్డలతో మూయకండి. రబ్బరు గొట్టం పాతదైతే ఆలోచించకుండా మార్చండి. బాగా చలి ప్రాంతానికి వెళ్తే బ్యూటేన్ రకం గ్యాస్ పనికిరాదు, సున్నా డిగ్రీలకి దగ్గర పడేసరికి అది సిలిండర్‌లో ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ రకం అయితే మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది.

ఇంకొకటి, ఇది మా ఇంట్లో జరిగింది. ఒక చలి రాత్రి బొగ్గుల కుంపటి ఆరిపోయిందనుకుని ఆనింగ్ లోపలికి తెచ్చి, జిప్ వేసుకుని కూర్చున్నాం. కాసేపటికి మా అక్కకి తలనొప్పి, నాకు వికారం. పక్క బండివాళ్లు మమ్మల్ని పలకరించడానికి వచ్చి, మా ముఖాలు చూసి బయటికి లాగారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మంట కనిపించకపోయినా బొగ్గుల్లోంచి వస్తూనే ఉంటుంది. వాళ్లు రాకపోతే నేను ఇవాళ ఇది రాసేదాన్ని కాదు. కుంపటి లోపలికి తేవద్దు, ఆరిందనుకున్నా తేవద్దు. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తప్పకుండా పెట్టండి.

నీలిగొడుగు · మంగళవారం, రాత్రి 9.30

అక్కా, చదువుతుంటే భయమేసింది. మీరంతా క్షేమంగా బయటపడ్డారు, అదే సంతోషం. అలారం ఇప్పుడే ఆర్డర్ పెట్టాను.

టైర్ల మీద అంకెలు చూశాను, తొమ్మిదేళ్లు! బొడిపెలు మాత్రం బండిచక్రం అన్న చెప్పినట్టు కొత్తవాటిలా ఉన్నాయి. రెండూ మార్పిస్తున్నాను. ప్లాన్ విషయం ఇంట్లో మాట్లాడాం. అమ్మ "చెరువు దగ్గరే ఉండిపోదాంరా, నాకు ఎక్కి దిగే పని తగ్గుతుంది" అంది. ఆవిడ ఇన్నాళ్లూ ఈ మాట చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

నిదానం · మంగళవారం, రాత్రి 9.52

అమ్మగారి మాటే ఖాయం చేయండి. వీలైతే ఇంకా దగ్గరి చెరువు చూసుకోండి. అమ్మగారి కోసం మూడు పనులు చేయండి. కారవాన్ మెట్టు ఎత్తుగా ఉంటుంది, కింద వేయడానికి వెడల్పాటి, కదలని స్టూలు తీసుకెళ్లండి. తలుపు పక్కన పట్టుకోవడానికి పిడి గట్టిగా ఉందో లేదో చూడండి. టాయిలెట్‌కి దగ్గరి పడక ఆవిడకివ్వండి, రాత్రి చిన్న దీపం వెలుగుతూ ఉండాలి.

గట్టుమీద · బుధవారం, ఉదయం 7.10

నేను రైతుని. మా తోట పక్కన ఇలా బండ్లు వచ్చి ఆగుతుంటాయి, అందుకని అవతలి వైపు నుంచి కూడా ఒక మాట.

అడిగి ఆగండి. అడిగినవాళ్లని మేం ఎప్పుడూ కాదనలేదు, ఎక్కడ నేల గట్టిగా ఉందో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో చెప్పి పంపుతాం. అడగకుండా ఆగినవాళ్లు రెండుసార్లు పొలంలోకి వెళ్లే దారికి అడ్డంగా పెట్టారు. గేటు తీసి ఉంటే తీసే ఉంచండి, మూసి ఉంటే మళ్లీ మూయండి. టాయిలెట్ డబ్బా మాత్రం దానికోసం ఏర్పాటు చేసిన చోటే ఖాళీ చేయాలి. అందులో వేసే మందు నేలకీ నీటికీ మంచిది కాదు. మా కాలువలో ఒకసారి పోసి వెళ్లారు, వారం రోజులు పశువుల్ని అటు తోలలేదు.

ఇక చోటు ఎంచుకోవడం. చెరువు అంచుకి మరీ దగ్గర వద్దు. ఎండిన వాగు ఇసుక చదునుగా, మెత్తగా ఆశ పెడుతుంది. పైన ఎక్కడో వాన పడితే మీకు చినుకు కూడా పడకుండానే నీళ్లు వచ్చేస్తాయి, అక్కడ ఎప్పుడూ ఆగకండి. చెట్టు నీడ మంచిదే కానీ ముందు తలెత్తి ఎండుకొమ్మలు ఉన్నాయేమో చూడండి. బయటికి వచ్చే వైపు కొంచెం పల్లం ఉండేలా నిలపండి, వాన పడి నేల మెత్తబడినా బండి కదులుతుంది.

నీలిగొడుగు · బుధవారం, ఉదయం 8.15

ఇలాంటి మాట ఎక్కడా దొరకదండీ, ధన్యవాదాలు. ఒక సందేహం. మట్టం ముందు చూడాలా, కారు విప్పాక చూడాలా?

బండిచక్రం · బుధవారం, ఉదయం 9.00

పక్కలు ముందు, కారు తగిలించి ఉండగానే. నేల మీద రసమట్టం పెట్టి, ఏ వైపు పల్లంగా ఉంటే ఆ చక్రం ర్యాంపు మీదికి ఎక్కించు. హ్యాండ్‌బ్రేక్ వెయ్, చక్రాలకి దిమ్మలు పెట్టు. అప్పుడు కారు విప్పు. ముందు వెనకల మట్టం ముక్కు దగ్గరి చిన్న చక్రంతో (జాకీ వీల్) సరిచెయ్. చివరికి నాలుగు మూలల కాళ్లు దించు. ఆ కాళ్లు బండి ఊగకుండా పట్టుకోవడానికే, బండిని ఎత్తడానికి కాదు. వాటితో ఎత్తితే ఛాసిస్ వంగుతుంది. మెత్తని నేలైతే ప్రతి కాలి కింద చెక్క ముక్క వెయ్.

పాతదారి · బుధవారం, రాత్రి 8.40

పనికొచ్చే సంగతులు అందరూ చెప్పారు, నాకు ఇష్టమైన ఒక పాత సంగతి చెప్పనివ్వండి.

సరదా ప్రయాణం కోసమే ప్రత్యేకంగా కట్టించిన తొలి కారవాన్‌గా చెప్పుకునేది 1885 నాటిది. పేరు వాండరర్. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా చేసి రిటైరైన గోర్డన్ స్టేబుల్స్ అనే ఆయన బ్రిస్టల్‌లో దాన్ని చేయించుకున్నారు. దాన్ని ఆయన నేల మీది పడవ అనేవారు. నిండు సామాన్లతో దాదాపు 2 టన్నులు, లాగడానికి రెండు గుర్రాలు. ఆయనతో ఒక పెద్ద కుక్క, ఒక కాకటూ చిలుక కూడా ఉండేవి. దారి ఇరుకు కాబట్టి ఆయన సేవకుడు మూడు చక్రాల సైకిల్ మీద ముందు వెళ్లి, ఎదురొచ్చేవాళ్లకి చెప్పేవాడు. అలా ఇంగ్లండ్ దక్షిణం నుంచి స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్ దాకా వెళ్లారు. 1907లో బ్రిటన్‌లో కారవాన్ క్లబ్ పెట్టినప్పుడు ఆయన్ని ఉపాధ్యక్షుడిగా ఎన్నుకున్నారు.

కారవాన్ అన్న మాట పారశీకం నుంచి వచ్చింది, కలిసి ప్రయాణించే గుంపు అని అర్థం. మనకి దానికి బిడారు అనే మంచి మాట ఉంది. గుంపు అన్న అర్థం మరుగునపడి ఇప్పుడు బండికే ఆ పేరు మిగిలింది. ఐదుగురితో వెళ్తున్నారు కదా, మీదైతే పాత అర్థంలో కూడా బిడారే.

తూర్పుకిటికీ · గురువారం, రాత్రి 10.05

పాతదారి గారూ, బాగుంది, సేవకుడి సైకిల్ సంగతి మా వారికి చదివి వినిపించాను.

నీలిగొడుగు గారూ, మీ సెలవు అమావాస్యకి దగ్గర పడుతోందా? పడితే మీ అదృష్టం. ఒక రాత్రి లోపలి దీపాలు, ఫోన్లు అన్నీ ఆపి బయట పడుకోండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. తప్పనిసరైతే టార్చికి ఎర్రటి పలచని కాగితం చుట్టుకోండి, ఎర్ర వెలుగు అంతగా చెడగొట్టదు.

పిల్లలకి పిల్లలకోడిని చూపించండి. కృత్తికలు అంటారే, ఆ గుంపే. మామూలు కంటికి ఆరు చుక్కలు కనిపిస్తాయి, చూపు బాగుంటే ఏడో ఎనిమిదో. అవి మనకి సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. పిల్లలు చూసే ఆ వెలుగు 440 ఏళ్ల కిందట బయల్దేరింది. ఈ మాట మా పాపకి చెప్పినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అంత దూరం నుంచి మన బండి దగ్గరికే వచ్చిందా?" అంది.

ఆరోచక్రం · శుక్రవారం, మధ్యాహ్నం 12.30

నేను మోటర్‌హోమ్ (సొంత ఇంజిన్ ఉన్న ఇల్లు లాంటి బండి) అద్దెకి తీసుకుంటున్నాను. మాకూ ఇవే వర్తిస్తాయా?

బండిచక్రం · శుక్రవారం, మధ్యాహ్నం 2.10

లాగడం, నోస్ వెయిట్ తప్ప మిగతావన్నీ వర్తిస్తాయి. బండి ఎత్తు, వెడల్పు కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించుకోండి. కారు అలవాటుతో తక్కువ ఎత్తు వంతెన కిందికి పోనిచ్చేవాళ్లని చాలామందిని చూశాను. ఇంకోటి, చిన్న పనికి ఊళ్లోకి వెళ్లాలన్నా ఇల్లంతా కదలాలి. సైకిల్ ఉంటే తీసుకెళ్లండి.

నీలిగొడుగు · నాలుగు వారాల తర్వాత, మంగళవారం, రాత్రి 8.00

వెళ్లొచ్చాం. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

ఒకే చోటు, 85 కిలోమీటర్లు. ఉదయం 9కి బయల్దేరాం. 40 కిలోమీటర్లు దాటాక పల్లపు రోడ్డులో స్పీడు 70కి వచ్చేసరికి, వెనకనుంచి కారుని ఎవరో అటూ ఇటూ లాగుతున్నట్టు అనిపించింది. కాలు బ్రేకు మీదికి వెళ్లబోయింది. అన్న రాసింది గుర్తొచ్చి ఆపుకున్నాను. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేశాను. నాలుగైదు సెకన్లలో సర్దుకుంది. పక్కకి ఆపి చూస్తే, చివరి నిమిషంలో నేనే వెనక పడక కింద 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు తోశాను. ముందు రోజు అంత జాగ్రత్తగా నోస్ వెయిట్ కొలిచి, తర్వాత వెనక 40 కిలోలు పెట్టానన్నమాట. ఇరుసు పైకి మార్చాక చెరువు దాకా ఇంక ఊగలేదు. అన్నా, ఆ నాలుగు వాక్యాలు మీరు రాయకపోతే నేను బ్రేకు తొక్కేవాణ్ణి.

చెరువు పక్క పొలం ఆయన్ని ముందే అడిగాను. గట్టు మీద గట్టి నేల ఆయనే చూపించారు. రివర్స్ మూడుసార్లు ముందుకి లాగి సరిచేశాను. అంతా సర్దేసరికి గంటా నలభై నిమిషాలు! నిదానం గారి లెక్క తప్పలేదు. ఆ పని మళ్లీ రేపు చేయక్కర్లేదు అనుకోగానే భుజాలు దిగినట్టయింది.

రెండో రోజు మధ్యాహ్నం నుంచి వాన. ఆనింగ్ మధ్యలో నీళ్లు సంచిలా వేలాడాయి. దాని కాలు ఒకటి కిందికి దించి వాలు పెట్టాక జారిపోయాయి. రాత్రి ఐదుగురం లోపలే ఉండేసరికి పొద్దున కిటికీ అద్దాలు కారుతున్నాయి, పరుపు అంచు తడిసింది. పైకప్పు కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి పడుకోవాలని ఆ రోజు తెలిసింది. వాన చప్పుడు వింటూ అమ్మ తన చిన్ననాటి సంగతులు చెప్పింది. వాళ్ల నాన్న చెరువులో ఈత నేర్పడం గురించి నేనెప్పుడూ వినలేదు. మా అమ్మాయి మధ్యలో ఆపి ఆపి ప్రశ్నలడుగుతూ నోట్‌బుక్‌లో రాసుకుంది. సిగ్నల్ లేదు, కాబట్టి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

మూడో రోజు ఆకాశం కడిగినట్టుంది. పగలు పెద్దగా ఏమీ చేయలేదు. బాబు గట్టు మీద చీమల బారుని చూస్తూ దాదాపు గంట కూర్చున్నాడు, వాడిని ఇంట్లో పది నిమిషాలు కూర్చోబెట్టలేం. రాత్రి దీపాలన్నీ ఆపేశాం. అక్కా, నాకు ఆరు చుక్కలు, మా అమ్మాయికి ఏడు. అమ్మకి ఆ గుంపు మొదట కనపడలేదు. పిల్ల పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టి చూపిస్తే, సూటిగా కాకుండా కాస్త పక్కకి చూసినప్పుడు మసకగా తెల్లగా కనిపించిందట. చాలా సంతోషపడింది.

బ్యాటరీ మూడో రాత్రి ఫ్యాను ఆపేస్తే సరిపోయింది. వాన రోజు ప్యానెల్ పెద్దగా ఇవ్వలేదు. 80 లీటర్ల నీళ్లు మొదటి రోజే సగం అయిపోయాయి, తర్వాత గిన్నెలు తుడిచి కడగడం నేర్చుకున్నాం.

తూర్పుకిటికీ · మంగళవారం, రాత్రి 8.35

పక్కకి చూస్తే కనిపించడం నిజమే. మసక వెలుగుని కంటి నడిమి భాగం కన్నా పక్క భాగమే బాగా పట్టుకుంటుంది. ఏడు లెక్కపెట్టిన చిట్టితల్లికి నా ముద్దులు.

దూరపుకొండ · మంగళవారం, రాత్రి 9.15

మనస్ఫూర్తిగా సంతోషం. నేను చెప్పినట్టు రెండు చోట్లు పెట్టుకుని ఉంటే ఆ వాన రోజు మీరు రోడ్డు మీద ఉండేవారు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి నిదానం గారి మాటే సరైనది, ఒప్పుకుంటున్నాను. నేనూ మా తమ్ముడూ మాత్రం తిరుగుతూనే ఉంటాం.

నిదానం · మంగళవారం, రాత్రి 9.40

తిరగండి బాబూ, మీ ఫోటోలు నాకూ ఇష్టమే.

నీలిగొడుగు గారూ, అమ్మగారి మోకాలు ఎలా ఉంది? ఎక్కడం దిగడం ఇబ్బంది కాలేదు కదా?

నీలిగొడుగు · మంగళవారం, రాత్రి 10.02

కాలేదండీ. స్టూలు వేసుకుని, పిడి పట్టుకుని తనే ఎక్కింది, మూడో రోజుకి నన్ను చెయ్యి ఇవ్వద్దంది. కారవాన్ బాబాయికి తిరిగి ఇచ్చేటప్పుడు స్టూలు దించబోతే అందులోనే ఉంచమంది. బాబాయిని తర్వాతి సెలవు ఎప్పుడో అడిగేసింది కూడా.